ఎర్ర గీత

చేతిలో స్క్రూడ్రైవరుతో నార్సీసా, గుమ్మంలో హోల్గర్. పోయిన వారం వాళ్లని అలాగే వదిలేసి మనం ఎవరి పనుల్లోకి వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆవిడ వారం రోజులుగా ఆ స్క్రూడ్రైవరు పట్టుకునే కూర్చుంది. మధ్యలో ఒకటి రెండు వారాలు తప్పిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆమెను కదలనిద్దాం.

జొయిలా కొడుకు జాండ్రి, పంతొమ్మిదేళ్లవాడు, మూడు చక్రాల బండి తోలుకునే కుర్రాడు, కనిపించకుండా పోయి ఆ రోజుకి నలభై మూడు రోజులు. వాడు ఫోన్లో రికార్డు చేసి పంపిన మాటలూ, వాడికి వచ్చిన మాటలూ ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లోకి కూడా వచ్చి పడేవి. వాడు పోయిన మధ్యాహ్నం ఆ కంప్యూటరు వరసగా నాలుగుసార్లు టింగుమంది. జొయిలా చేతులు తుడుచుకుని వంటగట్టు దగ్గర్నుంచి వచ్చేసరికి కరెంటు పోయింది. మళ్లీ కరెంటు వచ్చింది గానీ కంప్యూటరు లేవలేదు. అంటే కొడుకు చివరి మాటలు నాలుగు ఆ పెట్టెలో ఉన్నాయి. వాటిని ఇంతవరకూ ఎవరూ వినలేదు.

నార్సీసా గ్వాయకిల్ అనే రేవు పట్టణం బజారులో కంప్యూటర్లు బాగుచేస్తుంది. నేర్చుకున్నది పది నెలల కోర్సే అయినా అందరూ ఇంటిపేరు కలిపి యాగ్వల్ ఇంజినీరమ్మ అంటారు. ఆ ఊళ్లో స్క్రూడ్రైవరు పట్టిన ప్రతివాళ్లూ ఇంజినీర్లే. ఆ రోజు పొద్దున ఆమె వచ్చి, కంపెనీ వాళ్లు పెట్టిన రికవరీతో పెట్టెను లేపుదామని మూడుసార్లు చూసింది. మూడుసార్లూ ఒకటే జవాబు: రికవరీ భాగం లేదు. ఎందుకుంటుంది? ఎనిమిదేళ్ల కింద ఈ పెట్టెను జొయిలాకి అమ్మింది తనే. అమ్మే ముందు డిస్కుని రెండు గదులు చేసింది. ముందు గది చిన్నది, సిస్టమ్‌కి. వెనక గది పెద్దది, సినిమాలకీ ఫొటోలకీ. కంపెనీ కట్టిన రికవరీ గదిని కూలగొట్టి ఆ చోటు కూడా వెనక గదిలో కలిపేసింది. బజారులో అందరూ చేసేదే. కొనేవాడు వెనక గది ఎంతుందని అడుగుతాడు గాని, పెట్టె చచ్చిపోతే ఎలా బతికిస్తావని ఎవడడుగుతాడు? చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత.

ఇక డిస్కు ఊడదీసి షాపుకి పట్టుకెళ్లడమే మిగిలింది. అక్కడ ఇంకో పెట్టెకి తగిలిస్తే మాటలు దొరుకుతాయి. గురువారం కేసు చూసే ప్రాసిక్యూటర్ ఆఫీసు మనిషి వచ్చి పెట్టెను తీసుకెళ్లేలోగా తల్లి చెవిన ఆ నాలుగు మాటలు పడాలని నార్సీసా పట్టుదల. జొయిలా ఆనందం పట్టలేక ఒక్కరికి ఫోన్ చేసి చెప్పింది. ఆ ఒక్కరు హోల్గర్. జాండ్రి జ్ఞానస్నానం నాడు బిడ్డను చేతుల్లోకి తీసుకుని నీళ్ల దగ్గరికి ఎత్తి పట్టుకున్నవాడు, వాడి జ్ఞానతండ్రి.

"ఏంటి వదినా, అరటికాయ వేపుడు వాసన సందు చివరికి కొడుతోంది! నన్ను పిలవకుండానే విందా?" అంటూ హోల్గర్ లోపలికొచ్చాడు.

"నీకు పిలుపేంటి హోల్గరూ, నీ ఇల్లు కాదా? కూర్చో. రెండో వాయి వేస్తున్నా" అంది జొయిలా. ఒకసారి వేయించిన పచ్చి అరటికాయ ముక్కల్ని రాయితో అదిమి, మళ్లీ కాగే నూనెలో వేస్తోంది. నలభై మూడు రోజుల్లో ఆమె నోట్లోంచి ఇంత హుషారైన మాట రావడం అదే మొదటిసారి.

ఆ హుషారుకి కారణం నార్సీసాకి తెలుసు. అరగంట కింద జొయిలా తన ఫోన్ ఇచ్చి, ఎందుకో ఆగి ఆగి నడుస్తోందంది. చూస్తే జాగా నిండిపోయిందని ఎర్ర గీత. "అక్కా, గీత ఎర్రబడింది. జాండ్రి ఫొటోలు నాలుగు వేలున్నాయి. కొన్ని తీసెయ్" అంది నార్సీసా. "తియ్యను. ఆ గీత ఎర్రగా ఉంటేనే నాకు ధైర్యం. లోపల నా బిడ్డ ఉన్నాడని" అంది జొయిలా. ఆ మాటకి నార్సీసా ముక్కు ఎగబీల్చుకుని స్క్రూలు విప్పడంలో పడిపోయింది.

హోల్గర్ కూర్చోలేదు. వీధి వైపున్న ఇనుప కటకటాల తలుపు లాగి, తాళం తిప్పి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"అదెందుకు విప్పుతున్నావు ఇంజినీరమ్మా?"

"డిస్కు తీస్తున్నానన్నా. షాపులో చూస్తా."

"వద్దు. సిస్టమ్ పాడైతే కొత్తది ఎక్కిస్తారు కదా. అదే చెయ్. అంతా తుడిచేసి ఇక్కడే ఎక్కించు."

జొయిలా గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. "తుడిచెయ్యడమేంటి? అందులో నా కొడుకు మాటలున్నాయి."

"అందుకే వదినా." హోల్గర్ గొంతు తగ్గించాడు. నలభై మూడు రోజులుగా అదే గొంతుతో ఓదారుస్తున్నాడు. వారం వారం బియ్యం తెచ్చి పడేసింది ఆయన. జాండ్రి ఫొటో ఉన్న కాగితాలకి మైదా జిగురు కాచి, స్తంభం స్తంభానికీ అంటించింది ఆయన. "నువ్వు తట్టుకోలేవు. వాడు ఎంత అరిచాడో, ఎలా బతిమాలుకున్నాడో, అవన్నీ నీ చెవులతో వింటే నీ గుండె ఆగిపోద్ది. నా మాట విను."

జొయిలా గరిటె పక్కన పెట్టింది.

"వాడు అరిచాడని నీకెవరు చెప్పారు?" అంది జొయిలా.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగని పట్టించింది వాడి నోరే. హోల్గర్ నడుం దగ్గర పిస్తోలు ఉంది. చొక్కా ఎత్తి అది తీశాడు. తీసినప్పుడు మొహంలో కోపం లేదు, పని మొదలుపెట్టేవాడి విసుగు ఉంది. నార్సీసాకి పిస్తోలు కన్నా ఆ మొహమే ఎక్కువ భయం పుట్టించింది.

"నువ్వా?" అంది జొయిలా.

"నేను అప్పగించకపోతే ఆ ముఠావాళ్లు నా ఇంటికొచ్చి నా పిల్లల్ని పట్టుకుపోయేవాళ్లు. వాళ్లు అడిగిందల్లా వాడు ఏ దారిన వస్తాడని. చెప్పాను. అయిపోయింది. ఇక దాన్ని తవ్వకు."

"అంత భయమైతే పెట్టెను పగలగొట్టి పొండి" అంది నార్సీసా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పగలగొడితే గురువారం వచ్చేవాడు ఎందుకు పగిలిందంటాడు. పట్టుకుపోతే ఎవడు పట్టుకుపోయాడంటాడు. ఇంజినీరమ్మ ఫార్మాట్ చేసిందంటే ఏమంటాడు? అయ్యో అంటాడు, అంతే. మీరు చేసే వైద్యం అదేగా! జలుబుకీ ఫార్మాటే, జ్వరానికీ ఫార్మాటే. మా ఇంట్లో దానికి మూడుసార్లు చేశావు."

నిజమే. మూడుసార్లు చేసింది. ఆ నిజం చెంపదెబ్బలా తగిలింది.

"నేను చెయ్యను" అంది.

హోల్గర్ బల్ల మీదకి వంగాడు. నార్సీసా విప్పి పెట్టిన కంప్యూటరు పక్కరేకు తీసుకున్నాడు. ఆమె ఎడమచెయ్యి బల్ల మీదే ఉంది. రేకు అంచుని రెండు చేతులతో ఎత్తి ఆ చేతి మీద దింపాడు. ఉంగరపు వేలూ చిటికెన వేలూ మధ్యలోంచి వంగిపోయాయి. రక్తం కీబోర్డు మీదకి పాకింది.

"ఎడమదేలే. నొక్కడానికి కుడిది చాలు కదా" అన్నాడు హోల్గర్. తర్వాత రేకుని గోడకి జాగ్రత్తగా ఆనించి పెట్టాడు.

గోడగడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. ఫ్రిజ్ మీద అంటించిన కోతల పట్టిక ప్రకారం మూడింటికి కరెంటు పోతుంది. నార్సీసా మెళ్లో తాడుకి వేలాడే పెన్‌డ్రైవ్‌ని ఒంటిచేత్తో తీసి పెట్టెకి పెట్టింది. ఆ పెన్‌డ్రైవ్‌తో ఆమె ఎన్ని వందల ఇళ్లలో ఎన్ని వందల కంప్యూటర్లకి కొత్త సిస్టమ్ ఎక్కించిందో లెక్కలేదు. రక్తం అంటిన కీబోర్డుని పక్కకి నెట్టి మౌసు అందుకుంది.

హోల్గర్ పీట లాక్కుని ఆమె వెనకే కూర్చున్నాడు. పిస్తోలు మొన మెడ మీద జుట్టులో చల్లగా తగిలింది. "వదినా, నువ్వక్కడే పొయ్యి దగ్గర నిలబడు. కదిలితే ఈవిడ తల ఎగిరిపోద్ది. ఊఁ, కానీ."

భాష ఎంచుకోమంది. ఎంచింది. ఒప్పుకుంటావా అంది. ఒప్పుకుంది. ఆఖరికి ఎక్కడ ఎక్కించమంటావు అని అడిగి, డిస్కులో ఉన్న రెండు గదుల్నీ వరసగా చూపించింది. కింద చిన్న అక్షరాలతో మీటలు: ఫార్మాట్ చెయ్యి, తర్వాత.

"రెండున్నాయే" అన్నాడు హోల్గర్. "రెండూ తుడిచెయ్. ముందు పెద్దది."

పెద్ద గదిలో ఏముందో నార్సీసాకి తెలుసు, ఆ ఫొటోలు ఎక్కించింది తనే కనక. జాండ్రి జ్ఞానస్నానం. తెల్లబట్టల్లో మూడు నెలల బిడ్డ, ఎత్తుకున్న హోల్గర్, పక్కన నవ్వుతూ జొయిలా. బిడ్డ మొదటి అడుగులు. బడిలో జెండా పట్టుకున్న రోజు. జాండ్రి మాటలు మాత్రం ఆ గదిలో లేవు. అవి చిన్న గదిలో, సిస్టమ్‌తోపాటే ఉన్నాయి. ఫొటోలు పోనిచ్చి మాటల్ని దక్కించుకోవాలి. ఎవరిని అడిగి ఆ బేరం ఆడుతోందని తన మనసు తననే నిలదీసింది. జవాబు చెప్పే తీరిక లేదు. ఫార్మాట్ నొక్కింది.

రెప్పపాటులో పెద్ద గది ఖాళీ అయిపోయింది.

"ఏం పోయింది? ఏం తుడిచావే?" అంది జొయిలా.

"ఫొటోలక్కా" అంది నార్సీసా, వెనక్కి తిరక్కుండా.

చూరు మీద రేకులు ఎండకి టకటకమంటున్నాయి.

"ఇప్పుడు రెండోది" అన్నాడు హోల్గర్.

మీట దగ్గరికి బాణాన్ని మెల్లగా, మరీ మెల్లగా నడిపించింది నార్సీసా. ఈ చిన్న గదికి రెండు దారులున్నాయి. ఫార్మాట్ నొక్కితే సామానంతా బూడిద. నొక్కకుండా ‘తర్వాత’ నొక్కితే, కొత్త సిస్టమ్ వచ్చి పాత సామానంతా మూటకట్టి ఒక మూలకి నెట్టి, తను కాపురం పెడుతుంది. మూట మూలన భద్రంగా ఉంటుంది. అయితే అలా చేసే ముందు తెర మధ్యలో ఒక గడి లేచి, పాతవి చెరగవు, ఫలానా చోట దాస్తాను, సరేనా అని పెద్ద అక్షరాలతో అడుగుతుంది. హోల్గర్ చదువుకున్నవాడు. మెడ వెనకే ఉన్నాడు. నార్సీసాకి పది సెకన్లు కావాలి. పది సెకన్లు ఆ మనిషి కళ్లు ఎటైనా తిరగాలి.

అమ్మా తల్లీ మరియమ్మా, పది సెకన్లు అనుకుంది.

పది సెకన్లు ఇచ్చింది జొయిలా. కావాలని ఇచ్చింది కాదు. కొడుకు ఫొటోలు పోయాయి, ఇప్పుడు కొడుకు గొంతు కూడా పోబోతోంది, ఆ తల్లికి తెలిసిందంతే. కాగుతున్న మూకుడు రెండు చెవులూ వట్టి చేతులతో పట్టుకుని, మూడడుగుల్లో వచ్చి, నూనె మొత్తం హోల్గర్ మీద కుమ్మరించింది.

హోల్గర్ పెట్టిన కేక మనిషి కేకలా లేదు. చెవి, మెడ, భుజం ఒక్కసారిగా ఎర్రబడి తోలు లేచింది. పిస్తోలు పేలింది. గుండు రేకు కప్పులోంచి దూసుకుపోయి, చిల్లులోంచి సన్నటి ఎండ నేల మీద పడింది. ఆ సందులో గుండు పేలితే తలుపులు తెరుచుకోవు, మూసుకుంటాయి. ఒకటి, రెండు, మూడు... మూసుకుంటున్న చప్పుడు నార్సీసాకి వినిపించింది.

హోల్గర్ గుడ్డిగా జొయిలా మీద పడ్డాడు. పిస్తోలు మడమతో మొహం మీద కొట్టాడు. ఆమె పడిపోయాక కూడా కొట్టాడు. వాడి వీపు పూర్తిగా నార్సీసా వైపు ఉంది. బల్ల మీద స్క్రూడ్రైవరు ఉంది. దాని పక్కనే మౌసు ఉంది. నార్సీసాకి పనిచేసే చెయ్యి ఒక్కటే. స్క్రూడ్రైవరు తీసుకుంటే ఆ మెడలో దించొచ్చు. దిగుతుందో లేదో. మౌసు తీసుకుంటే జాండ్రి మిగులుతాడు. ఆ రెండింటి మధ్య ఆమె ఎంతసేపు ఆగిందో తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా తేలలేదు.

మౌసు తీసుకుంది. ‘తర్వాత’ నొక్కింది. గడి లేచింది. ‘సరే’ నొక్కింది. గడి పోయింది. తెర మీద అంకెలు మొదలయ్యాయి: ఒకటి, రెండు...

వెనక జొయిలా మణికట్టు మీద బూటు దిగింది. ఎండు చెరుకు విరిచినట్టు చప్పుడు. నేల మీదనుంచి జొయిలా కళ్లు నార్సీసా వేలి మీదే ఉన్నాయి. తన ఎముక విరగడం ఆమె పట్టించుకోలేదు. నార్సీసా నొక్కడం చూసింది.

"నొక్కావే! నొక్కేశావే! నీకు అన్నం పెట్టాను కదే... నా కొడుకుని రెండోసారి చంపావే! నీ చెయ్యి పడిపోను! నీ కడుపున పుట్టింది కూడా ఇలాగే మాయమైపోను!"

నార్సీసాకి ఒక కూతురుంది. ఆ శాపం సూటిగా వెళ్లి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. లేదక్కా, చెరపలేదు, ఉన్నాడు అని అరవాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేసింది. అంత చేదు మాట ఆమె జన్మలో మింగలేదు.

హోల్గర్ ఊగుతూ తిరిగొచ్చాడు. తెర మీద అంకెలు పరిగెడుతున్నాయి.

"తుడిచావా?"

"తుడిచాను."

"ఒట్టు?"

"చూస్తున్నావు కదా, కొత్తది ఎక్కుతోంది."

చూశాడు. నమ్మినట్టే ఉన్నాడు. కుండలో నీళ్లు ముంచి తుండుగుడ్డ తడిపి చెవికి అదుముకున్నాడు. తోలు గుడ్డకి అంటుకుని వచ్చేస్తే పళ్లు కొరికాడు. వాడి కన్నీళ్లు చూసి నార్సీసాకి జాలి కలగలేదు, సంతోషం కలిగింది. అలా కలిగినందుకు తర్వాత చర్చిలో ఫాదరు దగ్గర పాపసంకీర్తనలో చెప్పుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాత గంటా పదిహేను నిమిషాలు. పాత పెట్టె, నత్త నడక. నార్సీసా వేళ్లు వంకాయ రంగుకి తిరిగాయి. నేల మీద జొయిలా ఏడుపు ఆగలేదు. ఆ తీరంలో తల్లులు శవం ముందు ఏడ్చే ఏడుపు అది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా బిడ్డ పేరు. జాండ్రీ... మళ్లీ ఊపిరి... జాండ్రీ... హోల్గర్ రెండుసార్లు నోరు మూసుకోమన్నాడు, ఒకసారి డొక్కలో తన్నాడు. తన్నిన దగ్గర ఊపిరి ఆగింది, తర్వాత మళ్లీ మొదలైంది. ఆఖరికి వాడు కూడా దానికి అలవాటుపడిపోయాడు.

రెండూ నలభై మూడుకి కొత్త తెర విచ్చుకుంది. నీలంగా, శుభ్రంగా, ఒక్క బొమ్మ లేకుండా.

"అయిపోయింది. తాళం తియ్యి. అక్కని ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అంది నార్సీసా.

"ఆగు. లోపల చూపించు. రెండు గదులూ."

నార్సీసాకి చూపించక తప్పలేదు. తెరిచింది. రెండు గదులు పక్కపక్కనే వచ్చాయి, ఒక్కోదాని కింద ఎంత నిండిందో చూపించే గీత. పెద్ద గది గీత తెల్లగా, ఖాళీగా ఉంది. చిన్న గది గీత ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిండి, ఎర్రగా వెలుగుతోంది.

ఎనిమిదేళ్ల కింద ముందు గదిని చిన్నగా కట్టింది తనే. పాత మూటా కొత్త కాపురమూ కలిసి ఆ ఇరుకులో పట్టీపట్టక కూర్చున్నాయి.

"ఇదేంటి?" హోల్గర్ ముందుకి వంగాడు. కాలిన తోలు వాసన ఆమె మొహం మీదకి వచ్చింది. "నా ఫోన్లో సామాను నిండిపోతే ఇలాగే ఎర్రగా వస్తది. ఖాళీ చేసిన ఇంట్లో సామానెక్కడిది ఇంజినీరమ్మా?"

"సామాను కాదు. కొత్త సిస్టమ్ లావు, పాతదానికి రెండింతలు. ఆ గది నేనే ఇరుగ్గా కట్టాను. బజారులో ఎవర్నడిగినా చెప్తారు, యాగ్వల్ ఇంజినీరమ్మ అందరికీ ముందు గది ఇరుగ్గానే కడుతుందని. మీ ఇంట్లోదీ అంతే. వెళ్లి చూసుకో."

హోల్గర్ ఆలోచించాడు. ఇంట్లో కంప్యూటరు గుర్తొచ్చినట్టుంది. దానికీ కొత్త సిస్టమ్ ఎక్కించిన మర్నాడే గీత సగం దాటిందని అప్పట్లో ఈవిడతోనే పోట్లాడాడు. తల ఊపాడు. పిస్తోలు దించాడు. రెండో చెయ్యి తాళంచెవి కోసం జేబులోకి వెళ్లింది. తాళంచెవి సగం బయటికొచ్చింది కూడా.

అక్కడ ఆగిపోయాడు.

ఏం మారిందో నార్సీసాకి ముందు అర్థం కాలేదు. ఇంట్లో ఏదో తగ్గింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కరెంటు పోలేదు. అప్పుడు తెలిసింది. ఏడుపు లేదు.

హోల్గర్ తిరిగాడు. నార్సీసా కూడా తిరిగింది. జొయిలా విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, గోడకి జారగిలబడి లేచి కూర్చుంది. పెదవి చీలింది, ఒక కన్ను మూసుకుపోయింది. తెరిచి ఉన్న ఆ ఒక్క కన్ను ఎవర్నీ చూడటం లేదు. తెర మీద ఎర్ర గీతని చూస్తోంది. చూస్తున్న కొద్దీ రక్తం కారే ఆ మొహం మీద మెల్లగా, ఆపుకోలేక, వెలుగు వస్తోంది.

వద్దక్కా, ఏడువు, ఏడువు అని నార్సీసా లోలోపల అరిచింది.

హోల్గర్ తాళంచెవిని మళ్లీ జేబులో వేసుకున్నాడు. గీతని చూశాడు. తల్లి మొహం చూశాడు. మోకాళ్ల మీద ఆమె ముందు కూర్చుని, పాత ఓదార్పు గొంతుతోనే అడిగాడు.

"ఏడుపెందుకు ఆపేశావు, వదినా?"